క్యాడ్ ల్యాబ్‌లోకి వచ్చిన చెనక్కాయల మిషన్

మన ఇంజనీరింగ్ కాలేజీలో మా బ్యాచ్ చదివిన రోజుల్లో మెకానికల్ బ్లాక్‌లో ఏసీ ఉన్న గది క్యాడ్ ల్యాబ్ (కంప్యూటర్‌లో డిజైన్లు గీసే ల్యాబ్) ఒక్కటే. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. డిజైన్ గీసే ఆటోక్యాడ్‌లో నకిల్ జాయింట్ (రెండు కడ్డీలను పిన్నుతో కలిపే అతుకు), ప్రో-ఇంజనీర్‌లో ప్లమ్మర్ బ్లాక్ (బేరింగ్‌ను పట్టి ఉంచే దిమ్మ), బలం లెక్కగట్టే యాన్సిస్‌లో ఒక కాంటిలీవర్ బీమ్ (ఒక కొన మాత్రమే బిగించిన దూలం). కొలతలన్నీ పుస్తకంలో ఉండేవి. వాటిని చూసి మోడల్ చేయడం, ప్రింట్ తీసి రికార్డులో అంటించడం, సార్‌తో సంతకం పెట్టించుకోవడం. ఆ సాఫ్ట్‌వేర్లు అసలు ఏ పనికి పుట్టాయో మాకు తెలిసింది ఫైనలియర్‌లో, మా గైడ్ సార్ గుత్తి రోడ్డులోని ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు మమ్మల్ని పంపినప్పుడు.

ఆ షెడ్డులో చెనక్కాయలు (వేరుశనగ) ఒలిచే మిషన్లు చేసేవాళ్లు. అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, బయటి నుంచి వచ్చి ఇక్కడ చదివిన మిత్రుల కోసం రాస్తున్నాను. నూనె మిల్లుకు పోయే పప్పు విరిగినా పెద్ద నష్టం లేదు. విత్తనానికి పెట్టుకున్న పప్పు బద్దలయితే మొలక రాదు, పైపొర లేచిపోయినా మొలక దెబ్బతింటుంది. అందుకే విత్తనం కాయలు చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు కూర్చుని చేత్తోనే ఒలిచేవాళ్లు. ముంగారు (తొలకరి) వాన పడేలోపు ఎకరాలకు సరిపడా ఒలవాలంటే వేళ్లు పుండ్లు పడేవి. విత్తనం చెడకుండా ఒలిచే మిషన్ కావాలని రైతులు షెడ్డుకు వచ్చి అడుగుతుండేవాళ్లు. దాన్నే సార్ మాకు ప్రాజెక్టుగా ఇచ్చారు.

మిషన్ చూడ్డానికి సులువుగానే ఉంటుంది. తిరిగే డ్రమ్ముకు కడ్డీలు, కింద వంచిన జల్లెడ, పొట్టు ఎగరగొట్టడానికి ఫ్యాను. కడ్డీకి, జల్లెడకు మధ్య సందులో కాయ నలిగి పగులుతుంది. సందు ఎక్కువైతే కాయ అలాగే ఉండిపోతుంది, తక్కువైతే పప్పు బద్దలవుతుంది. డ్రమ్ము వేగం, జల్లెడ చీలికల వెడల్పు, కాయలో తేమ అన్నీ లెక్కలోకి వస్తాయి. మిషన్‌లో పోసేముందు కాయల మీద నీళ్లు చల్లాలని రైతులకు ముందే తెలుసు. అది మా పుస్తకాల్లో లేదు.

అప్పట్లో ఎక్కువగా వేసిన రకం టి.ఎం.వి.-2. ఆ కాయల లావును వెర్నియర్‌తో కొలిచి, ఆ కొలతకు ప్రో-ఇంజనీర్‌లో సందును ముడిపెట్టాం. కాయ కొలత మారిస్తే సందు మారుతుంది, దాంతోపాటు జల్లెడ వంపు, సైడు ప్లేట్ల రంధ్రాలు, డ్రాయింగ్ షీట్ అన్నీ మారిపోతాయి. 1980ల చివర్లో ఆ సాఫ్ట్‌వేర్ మార్కెట్లోకి వచ్చినప్పుడు డిజైనర్లు దాని వైపు తిరగడానికి ముఖ్య కారణం ఈ పారామెట్రిక్ పద్ధతే. ప్లమ్మర్ బ్లాక్ చేసినన్నాళ్లూ మాకు దాని విలువ తెలియలేదు, ఎందుకంటే ఆ కొలతలు ఎప్పుడూ మారేవి కావు. చెనక్కాయకు మాత్రం ఏటికేడు, చేనుకు చేను లావు మారుతుంది. తర్వాతి కాలంలో కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 లాంటి రకాలు జిల్లా అంతా పాకినప్పుడు నాకు మొదట ఆ మోడల్ ఫైలే గుర్తొచ్చింది.

బేరింగ్ కూర్చునే బ్రాకెట్ దగ్గర వెల్డింగ్ తరచూ పగులుతోందని షెడ్డు యజమాని చెప్పాడు. యాన్సిస్‌లో చూస్తే లోపలి మూలలో ఎర్రగా కనబడింది, స్ట్రెస్ (లోహం లోపలి ఒత్తిడి) అంతా అక్కడే. అక్కడ ఒక త్రికోణపు ప్లేటు అతికించి, కలర్ ప్రింట్ తీసి పట్టుకుపోయాం. ఆయన కాగితాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, “బొమ్మ బాగుందప్పా. ఈ మూలలోకి వెల్డింగ్ రాడ్డు యాడ పోతాది?” అన్నాడు. “పోదన్నా” అన్నాం. “అయితే బయటికి తెచ్చి పెట్టండి, అది నేను చేస్తా” అన్నాడు. తిరిగొచ్చి ప్లేటును బయటికి జరిపి మళ్లీ లెక్క చూశాం. స్ట్రెస్ తగ్గింది. ఆయన వెల్డింగ్ చేశాడు. కంప్యూటర్ ఆయనకు రాదు, లేత్ మాకు రాదు. ఇద్దరి మధ్యా ఉన్నది ఆ కాగితం.

ఉద్యోగంలో చేరాక, యాన్సిస్ లెక్కలకు ఆధారమైన ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి (వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కకట్టడం) చరిత్ర చదివితే, అది కూడా ఇలాగే మొదలైందని తెలిసి చాలా సంతోషపడ్డాను. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే రే క్లఫ్, కాలేజీ అధ్యాపకుల కోసం విమానాల కంపెనీ బోయింగ్ 1952 వేసవిలో పెట్టిన కార్యక్రమంలో చేరారు. అక్కడ డెల్టా (త్రికోణం) ఆకారపు విమానం రెక్కల కంపనాలు లెక్కకు అందడం లేదు. రెక్కను బీమ్‌లుగా ఊహించే పాత పద్ధతి పనిచేయలేదు. దాన్ని చిన్న చిన్న త్రికోణాలుగా విడగొట్టే ఆలోచన అక్కడే రూపు కట్టింది. బోయింగ్‌కు చెందిన టర్నర్, టాప్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి మార్టిన్, క్లఫ్ కలిసి 1956లో పేపర్ వేశారు. ఫైనైట్ ఎలిమెంట్ అనే పేరు క్లఫ్ 1960లో పెట్టారు. ఒక అధ్యాపకుడు వేసవి సెలవుల్లో కంపెనీలో కూర్చున్నందువల్ల వచ్చిన ఫలితం ఇవాళ ప్రతి ఇంజనీరింగ్ కాలేజీ సిలబస్‌లో ఉంది.

ఇప్పుడు బెంగళూరులో ప్రొడక్ట్ డిజైన్ టీమ్‌లో పనిచేస్తున్నాను కాబట్టి రెండో వైపు ఇబ్బందులు కూడా తెలుసు. కంపెనీలు డ్రాయింగులు బయటికి ఇవ్వవు. అది మరీ తప్పని అనలేను, కానీ దానివల్ల పోయేది ఎక్కువ. ఫ్రాన్స్ కార్ల కంపెనీ సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టల్జో 1959లోనే కారు బాడీ వంపులకు గణిత పద్ధతి కనిపెట్టారు. కంపెనీ దాన్ని గుట్టుగా ఉంచింది. మరో కార్ల కంపెనీ రెనో ఇంజనీరు పియేర్ బెజియే అలాంటి వంపుల మీదే చేసిన తన పనిని ప్రచురించారు. మన పిల్లలు పరీక్షలో రాసేది బెజియే కర్వ్ అనే. ఫైళ్లతోనూ చిక్కే: వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య ఫైళ్లు మార్చుకునే స్టెప్ ఫార్మాట్‌లో పంపితే ఆకారం మాత్రమే వెళ్తుంది, ఆ కొలత దేనికి ముడిపడిందో ఆ వరస వెళ్లదు. కాలేజీకి ఫైలు ఇస్తే సరిపోదు, దాన్ని గీసిన మనిషి కూడా వచ్చి కూర్చోవాలి.

అందుకు దారులు ఇప్పుడున్నాయి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక ప్రెస్ టూల్స్ (రేకును నొక్కి ఆకారం తెచ్చే అచ్చులు), ఫిక్స్చర్లు (పని జరిగేటప్పుడు భాగాన్ని కదలకుండా పట్టే సాధనాలు) తెలిసిన మనుషులు మనకు గంట రెండు గంటల దూరంలోనే ఉన్నారు. పరిశ్రమలో అనుభవం ఉన్నవాళ్లను డాక్టరేట్ లేకపోయినా పాఠం చెప్పడానికి పిలవచ్చని 2022లో యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. మా కాలంలో సాఫ్ట్‌వేర్ లైసెన్సులే పెద్ద సమస్య. ఇప్పుడు యాన్సిస్ స్టూడెంట్ వెర్షన్ ఉచితం, ఫ్రీక్యాడ్ అందరికీ ఉచితం.

పూర్వ విద్యార్థుల సంఘం పెద్దలకు నా విన్నపం ఇది. ఈసారి చందాలు కంప్యూటర్లకు పెట్టకుండా, మెకానికల్ శాఖలోని ఇద్దరు యువ అధ్యాపకులను వచ్చే వేసవిలో కంపెనీలకో, ఊళ్లోని షెడ్లకో పంపడానికి పెట్టండి. ఉండటానికి, తిండికి, ప్రయాణానికి అయ్యే ఖర్చు మనం భరిద్దాం. బెంగళూరులో మా టీమ్‌తో కూర్చోవడానికి ఒకరికి అనుమతి అడిగే పని నాది. గుత్తి రోడ్డు షెడ్డు ఇప్పుడు అప్పటి యజమాని కొడుకు నడుపుతున్నాడు, ఇప్పటి రకాలకు సరిపోయే జల్లెడ కోసం చూస్తున్నాడు. రెండోవారిని అక్కడికి పంపుదాం.