ఏడు తూటాల చిన్న పిస్తోలుతో నా అనుభవం

సికింద్రాబాద్‌లో మాది మూడు తరాలుగా సాగుతున్న బంగారు నగల దుకాణం. 2021 చివరలో ఒక రాత్రి దుకాణం మూసి, సంచి ముందు పెట్టుకుని మా నాన్నగారు స్కూటర్ మీద ఇంటికి వస్తుండగా, ఇద్దరు మోటార్ సైకిల్ మీద మోండా మార్కెట్ నుంచి మారేడ్‌పల్లి దాకా ఆయనను వెంబడించారు. ఆయన ఒక మెడికల్ షాపు ముందు బండి ఆపి లోపలికి వెళ్లి కూర్చోవడంతో వాళ్లు వెళ్లిపోయారు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. మరుసటి నెల నుంచి సంచి తెచ్చే పని నాకు వచ్చింది, దానితో పాటు ఆయుధం లైసెన్సు ఆలోచన కూడా వచ్చింది.

దరఖాస్తు గురించి ఎక్కువ చెప్పను. హైదరాబాద్ నగరంలో లైసెన్సు ఇచ్చే అధికారం పోలీస్ కమిషనర్‌ది. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం ఫారం ఎ-1 నింపాలి, శరీరం, మనసు ఆరోగ్యంగా ఉన్నాయని డాక్టర్ ఇచ్చే ఫారం ఎస్-3 జతచేయాలి, తుపాకీని భద్రంగా వాడే శిక్షణ పొందినట్లు ఫారం ఎస్-1 చూపాలి. స్థానిక స్టేషన్ నుంచి విచారణకు వచ్చిన అధికారి మా ఇంట్లో బీరువా ఎక్కడుందో, పిల్లలు ఎంతమందో, పొరుగువాళ్లతో గొడవలున్నాయో లేదో అడిగి, చివరికి ఒక ప్రశ్న వేశారు: "సంచి తెచ్చే వేళ మార్చుకోవచ్చు కదా?" ఆ ప్రశ్న న్యాయమైనదే. అప్పటికే మేము వేళలు మార్చాం, దారి కూడా మార్చాం. ఆ సంగతి ముందే రాయకపోవడం నా పొరపాటు, రెండోసారి వివరంగా రాసిచ్చాను. మొత్తం ఏడు నెలలు పట్టి 2023 మొదట్లో లైసెన్సు చేతికి వచ్చింది. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది, ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. నాకు ఒక్కటి చాలు.

అసలు చిక్కు కొనడంలో మొదలైంది. ప్రపంచమంతా చిన్న పిస్తోలు అంటే 9 ఎంఎం (తూటా వెడల్పు కొలత) అనుకుంటుంది, కానీ ఆత్మరక్షణ కోసం లైసెన్సు తీసుకునే సామాన్యుడికి మన దేశంలో ఆ కొలత నిషిద్ధం. కాబట్టి నాలాంటివాళ్లకు మిగిలేది ఎక్కువగా పాయింట్ 32, అంటే అంగుళాల్లో చెప్పే 0.32 కొలత. ఇందులోనూ ఒక మెలిక ఉంది. రివాల్వర్‌లో వేసే పాయింట్ 32 తూటా వేరు, పిస్తోలులో వేసేది వేరు. లైసెన్సులో రెంటినీ ఒకే అంకెతో రాస్తారు గాని, ఒకదాని తూటా మరొకదానిలో పనికిరాదు. పిస్తోలు తూటాను అమెరికా ఆయుధ రూపకర్త జాన్ బ్రౌనింగ్ 1899లో రూపొందించాడు. మన ప్రభుత్వ కర్మాగారాలలో ఈషాపూర్‌లో పాయింట్ 32 పిస్తోలు, కాన్పూర్‌లో పాయింట్ 32 రివాల్వర్ తయారవుతాయి. 2014లో వచ్చిన నిర్భీక్ అనే రివాల్వర్ కేవలం 500 గ్రాముల బరువుండడం వల్ల మొదట నా మనసు దాని మీదికి పోయింది. అయితే రివాల్వర్‌లో తూటాలుండే గుండ్రని దిమ్మె నడుము దగ్గర ఉబ్బెత్తుగా కనబడుతుంది. నేను వేసుకునేది పల్చటి నూలు చొక్కా. పైగా బహిరంగ స్థలంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లో (తుపాకీ ఒరలో) ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మన అదుపులో ఉండాలి అని నిబంధనలే చెబుతున్నాయి. దాచి పెట్టుకోవడం ఇక్కడ ముచ్చట కాదు, చట్టం పెట్టిన షరతు.

అబిడ్స్‌లోని ఒక తుపాకుల దుకాణంలో ముసలాయన ఒకరు బల్ల మీద గుడ్డ పరిచి నాలుగు పిస్తోళ్లు పెట్టారు. 1980ల మధ్య నుంచి సామాన్యుల కోసం దిగుమతి ఆగిపోవడంతో పాత విదేశీ పిస్తోళ్ల ధర మా బంగారం ధర లాగే ఏటేటా ఎక్కుతూ ఉంటుంది. నేను తీసుకున్నది అటువంటి పాతదే, ఒక లైసెన్సుదారు నుంచి ఆ దుకాణం ద్వారా నా పేరుకు మారింది. బిగువుగా, పల్చగా, అరచేతిలో ఇమిడిపోయేలా ఉంది. అలవాటు ఎక్కడికి పోతుంది, ఇంటికి తెచ్చి కాటా మీద పెట్టి చూశాను. ఖాళీ మ్యాగజైన్‌తో, అంటే పిడిలో దూర్చే తూటాల పెట్టెతో, 600 గ్రాములకు కాస్త పైన. ఒక్కొక్క తూటా ఇంచుమించు ఒక కాసు బరువు, అంటే దాదాపు ఎనిమిది గ్రాములు. ఏడు కాసులు నింపితే ఎంత బరువో మా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

శిక్షణ ఇచ్చిన సార్ సైన్యంలో ఆయుధాలు మరమ్మతు చేసి రిటైరైన మనిషి. ఆయన సమక్షంలో మొదటిసారి నా పిస్తోలు పేల్చిన రోజు నాలుగు తూటాలు సాఫీగా వెళ్లాయి. ఐదో తూటా పేలింది గాని దాని ఖాళీ తొడుగు బయటికి ఎగిరి పడకుండా స్లైడ్‌కు (పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జారే ఉక్కు భాగానికి), గొట్టానికి మధ్య పొయ్యి గొట్టంలా నిలువుగా ఇరుక్కుంది. తీసేసి మళ్లీ మొదలుపెడితే మూడో తూటాకే అదే పని. లక్షలు పోసి కొన్నదానికి ఇదేమి రోగం అనుకున్నాను, ముసలాయన నన్ను మోసం చేశారని కూడా అనుకున్నాను. సార్ ఏమీ అనకుండా పిస్తోలు తీసుకుని అదే మ్యాగజైన్, అవే తూటాలతో ఏడూ పేల్చారు. ఒక్కటీ ఆగలేదు. "చెయ్యి మెత్తగ పట్టిన్రు బాబూ, పిస్తోలు ఏం జేస్తది?" అన్నారు.

ఆయన అరగంట సేపు విప్పి చూపించి చెప్పినది నాకు అర్థమైనంత వరకు రాస్తాను, ఎందుకంటే కొనేముందు ఎవరూ చెప్పని విషయం ఇదే. పాయింట్ 32 చిన్న పిస్తోళ్లలో చాలావాటికి గొట్టాన్ని, స్లైడ్‌ను పేలే క్షణంలో కలిపి బిగించే తాళం ఉండదు. స్లైడ్ బరువు, దాని వెనక్కి పోయే దారికి అడ్డుపడే స్ప్రింగ్ బలం, ఈ రెండే తూటాను అణిచిపెడతాయి. తూటా పేలగానే గుండు ముందుకు పోతుంది, ఖాళీ తొడుగు అదే బలంతో స్లైడ్‌ను వెనక్కి నెడుతుంది. స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళితేనే తొడుగు బయటికి ఎగురుతుంది, స్ప్రింగ్ నిండా ముడుచుకుని తిరిగి వస్తూ కొత్త తూటాను గొట్టంలోకి తోస్తుంది. స్లైడ్ ఎంత వెనక్కి పోయిందన్నది ఫ్రేమ్‌తో, అంటే పిడి ఉన్న కింది భాగంతో, పోల్చి లెక్క. మణికట్టు వదులుగా ఉంటే ఫ్రేమ్ కూడా స్లైడ్‌తో పాటే వెనక్కి పోతుంది, రెంటి మధ్య దూరం తగ్గిపోతుంది, తొడుగు సగంలో చిక్కుకుంటుంది. మా పనిలో తీగ లాగే రంధ్రాల పలకను బల్లకు గట్టిగా బిగించకపోతే తీగ సాగదు, పలకే లేచి వస్తుంది. నేను ఆ బల్లను కాలేకపోయాను. పిస్తోలు ఎంత తేలికైతే ఈ పట్టింపు అంత ఎక్కువ, ఎందుకంటే పెద్ద పిస్తోలులో ఫ్రేమ్ బరువే సగం బల్ల పని చేస్తుంది.

అంటే మనం తప్పించుకోవాలని చూసే ఆ వెనక్కి తన్నే శక్తే యంత్రాన్ని నడిపిస్తుంది. ఇరుక్కోకుండా పేలుతుందన్న నమ్మకం వేరు, తన్ను వేరు అనుకుని నేను రెండు నెలలు రెండు ప్రశ్నలు వేసుకున్నాను. ఉన్నది ఒక్కటే ప్రశ్న.

తన్ను ఎంత అంటే, కాగితం మీద చాలా తక్కువ. ఈ తూటాలోని గుండు సుమారు 4.6 గ్రాములు, సెకనుకు దాదాపు 270 మీటర్ల వేగంతో పోతుంది. 9 ఎంఎం తూటా ఏడున్నర గ్రాముల గుండును సెకనుకు 350 మీటర్లకు పైగా పంపుతుంది కాబట్టి దాని తన్ను దీనికి రెట్టింపు దాటుతుంది. కానీ చేతికి తెలిసేది లెక్క కాదు. తాళం లేని పిస్తోలులో స్లైడ్ విసురుగా వచ్చి ఫ్రేమ్‌ను కొడుతుంది, ఆ దెబ్బ నెట్టినట్లు కాక సుత్తితో చిన్నగా మోదినట్లు ఉంటుంది. పిడి పొట్టిది కావడంతో నా చిటికెన వేలు గాలిలో ఉండిపోయేది. ఇరవై తూటాల తర్వాత బొటనవేలికి, చూపుడువేలికి మధ్య చర్మం స్లైడ్ అంచుకు తగిలి చీరుకుపోయింది, ఆ రాత్రి పులుసన్నం చేత్తో కలపలేక చెంచా అడిగితే ఇంట్లో అందరూ నవ్వారు. చెయ్యి పైకి జరిపి పట్టడం, రెండో చేత్తో ముందు నుంచి చుట్టి బిగించడం, మోచేతులు పూర్తిగా వదిలేయకుండా మణికట్టును నిలబెట్టడం నేర్చుకోవడానికి నాకు ఆరు వారాలు పట్టింది. బిగించడమంటే వణికేంత పిసకడం కాదని తెలియడానికి అందులో నాలుగు వారాలు పోయాయి.

పట్టు కుదిరాక ఇరుక్కోవడం దాదాపు పోయింది, కానీ పూర్తిగా పోలేదు. ఈసారి తప్పు నాది కాదు. నాకు రెండు మ్యాగజైన్లు వచ్చాయి. సార్ చెప్పినట్లు వాటి అడుగున 1, 2 అని గుర్తులు పెట్టి, ప్రతి తూటా లెక్క పుస్తకంలో రాశాను. ఆగినప్పుడల్లా 2వ మ్యాగజైనే. కొత్త తూటా ముక్కు గొట్టం కింది అంచుకు పొడుచుకుని ఆగేది. భూతద్దం కింద చూస్తే ఆ మ్యాగజైన్‌లో తూటాను పట్టి ఉంచే పై పెదవి ఒకవైపు వెంట్రుకంత విచ్చుకుని ఉంది. మా తాత కాలం నాటి సన్న పటకారు చేతిలోనే ఉంది, రెండు నిమిషాల పని అనిపించింది. సార్ గట్టిగా వారించారు. పెదవి కోణం ఒక్క వెంట్రుక మారినా తూటా లేచే ఎత్తు మారుతుందని, అదీగాక ఆయుధాల మరమ్మతు లైసెన్సు ఉన్నవాళ్ల పని అని చెప్పారు. ఆ మ్యాగజైన్‌ను పక్కన పెట్టేశాను. గొట్టం కింది వాలును మెరుగు పెట్టాలన్న ఆశను కూడా చంపుకున్నాను. నగల పనివాడికి అదే అన్నిటికన్నా కష్టం.

ఈ తూటాకు ఇంకొక స్వభావం ఉంది. అడుగు అంచు మిగిలిన ఒంటి కంటే కొద్దిగా వెడల్పు. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనకగా పడితే రెండూ కొక్కెం వేసుకుని కదలవు, అది చేత్తో ఒక్క క్షణంలో విడిపోయే చిక్కు కాదు. అందువల్ల నింపేటప్పుడు ప్రతి తూటాను వెనక్కంటా నెట్టి చూస్తాను, నింపాక మ్యాగజైన్ వీపును అరచేతి మీద తడతాను. అబిడ్స్ దుకాణంలో ఆయుధాన్ని విప్పించి కొత్త స్ప్రింగ్ కూడా వేయించాను. పాత స్ప్రింగ్‌ను కొత్తదాని పక్కన పెడితే రెండు చుట్ల మేర పొట్టిగా ఉంది. దాని వయసు నాకన్నా ఎక్కువై ఉండాలి.

ఇక నడుముకు కట్టుకుని తిరగడం. హైదరాబాద్ మే నెలలో చొక్కా లోపల ఉన్న ఉక్కు వస్తువు ఉప్పు చెమటలో నానుతూ ఉంటుంది. మొదటి వేసవిలో పది రోజులకే పిడి వెనక ఎర్రటి చుక్కలు కనిపించాయి. బనియన్ నూగు, దుకాణంలో మెరుగు పెట్టే ఎర్ర పొడి, స్లైడ్ గాడుల్లోకి చేరతాయి. మరి నూనె ఎక్కువ పూస్తే అదే పొడిని పట్టి ముద్ద చేస్తుంది. ఇప్పుడు వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున పిల్లలు లేచేలోపు, తుడిచి ఒక్కో గాడికి ఒక్క చుక్క వేస్తాను. పాత పిస్తోలు కాబట్టి గొట్టంలో తూటా ఉంచుకోను. అవసరం వస్తే స్లైడ్ లాగే ఒక క్షణం ఆలస్యమవుతుందని తెలుసు, స్కూటర్ మీద నుంచి పడినా పేలకుండా ఉండడం నాకు అంతకంటే ముఖ్యం. పెళ్లిళ్లకు, గుడికి తీసుకెళ్లను.

2023 అక్టోబరులో శాసనసభ ఎన్నికల నియమావళి వచ్చింది, పిస్తోలును స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకున్నాను. 2024 మార్చిలో లోక్‌సభ ఎన్నికలకు మళ్లీ అదే పని. తుప్పు భయంతో రెండోసారి నేను నూనె మరీ దట్టంగా పూసి ఇచ్చాను. జూన్‌లో తిరిగి తెచ్చుకుని రేంజ్‌లో పేలిస్తే మొదటి తూటాకే స్లైడ్ బద్ధకంగా కదిలి తొడుగు అంచున ఆగింది, నూనె జిగురులా గట్టిపడింది. నాది మెత్తటి పట్టు కాదని ఈసారి సార్ ఒప్పుకున్నారు. అక్కడే విప్పి శుభ్రం చేసి, 1వ మ్యాగజైన్‌తో ఏడేసి చొప్పున ఐదుసార్లు పేల్చాను. ముప్ఫై ఐదూ వెళ్లాయి. ఆ తేదీని, స్ప్రింగ్ మార్చిన తేదీ కింద, లాకర్ తలుపు లోపల అంటించిన కాగితం మీద రాశాను.