ఫిజీ భాషలో మేము, మనము

గత వారం తిరుపతిలోని మా ఇంట్లో, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి తెలుగు వాక్యాలను ఇంగ్లీషులోకి మారుస్తూ మధ్యలో పెన్సిలు ఆపింది. "మేము ఆదివారం చిత్తూరుకు పోతాము", "మనము ఆదివారం చిత్తూరుకు పోతాము" అనే రెండు వాక్యాల కిందా ఒకే ఇంగ్లీషు వాక్యం వచ్చింది. "నాయనా, రెండో దాంట్లో వినేవాళ్లు కూడా వస్తుండారు కదా, అది ఎట్ల తెలుస్తుంది?" అని అడిగింది.

ఆ ప్రశ్న వినగానే నాకు ఫిజీ భాష గుర్తుకు వచ్చింది. పసిఫిక్ సముద్రంలో 330కి పైగా దీవులున్న ఫిజీ దేశపు మూలవాసులు మాట్లాడే ఈ భాష ఆస్ట్రోనేషియన్ కుటుంబంలోని ఓషియానిక్ శాఖకు చెందినది. కొంతకాలంగా పుస్తకాలు దగ్గర పెట్టుకొని నేను దీనిని ఇష్టంగా నేర్చుకుంటున్నాను. మన మేము, మనము అనే తేడాను ఫిజీ వారు మనకంటే ఇంకా సూక్ష్మంగా పాటిస్తారు. వినేవారిని కలుపుకొని చెప్పేటప్పుడు నువ్వూ నేనూ ఇద్దరమే అయితే "కెందారు", కొద్దిమందిమి అయితే "కెందతోఉ", చాలామందిమి అయితే "కెంద" అంటారు. వినేవారిని విడిచి చెప్పేటప్పుడు అదే వరుసలో "కెయిరౌ", "కెయితోఉ", "కెయిమామి" అంటారు. అంటే మనకు రెండు మాటలున్న చోట వారికి ఆరు ఉన్నాయి. నోరు తెరిచి ఆ ఒక్క మాట అనేలోపే ఎదుటివారు తనవారిలో ఉన్నారో లేరో, అందరూ కలిసి ఎందరో తేల్చుకోవలసి ఉంటుంది.

ఈ మాటలను రోమన్ లిపిలో రాసేటప్పుడు సున్న కనబడదు. 1835లో లకెంబా దీవికి చేరిన మతబోధకులు విలియం క్రాస్, డేవిడ్ కార్గిల్ ఒక ధ్వనికి ఒకే అక్షరం అనే పద్ధతిని స్థిరపరచారు. ఆ పద్ధతిలో "డి" అక్షరం దానికి ముందున్న అనునాసికాన్ని కూడా కలుపుకొని పలుకుతుంది. అందుకే విమానాశ్రయం ఉన్న ఊరి పేరును "ఎన్, ఏ, డి, ఐ" అని రాసి "నంది" అని పలుకుతారు. మన లిపిలో అయితే సున్న పెడితే సరిపోతుంది.

ఈ భాష మీద నాకింత మమకారం కలగడానికి ఇంకొక కారణం ఉంది. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు నుంచి చెరుకు తోటల కూలికి ఫిజీ వెళ్లినవారిలో ఉత్తర ఆర్కాటు జిల్లావారు చాలామంది ఉన్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఉత్తర ఆర్కాటుకు ముఖ్యపట్టణం చిత్తూరే. ఫిజీలో ఆ తెలుగువారి పిల్లలు క్రమంగా అక్కడి భారతీయులు మాట్లాడే ఫిజీ హిందీలోకి మారారు. అందులో "హమ్" అంటే నేను; "హమ్ లోగ్" అంటే మేమూ, మనమూ కూడా. ఇంటి భాషలోని ఆ తేడా పిల్లల నోట పోతుంటే, పక్క ఊరి ఫిజీ వారి నోట మాత్రం అది ఆరు మాటలుగా నిలిచి ఉండటం తలచుకొన్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

మా అమ్మాయి రెండో వాక్యం పక్కన "కెందారు" అని తెలుగులో రాసుకుంది. ఆదివారం చిత్తూరు బస్సు ఎక్కినది మేమిద్దరమే. మీతో చెబుతున్నాను గనుక ఇక్కడ మాత్రం నేను "కెయిరౌ" అనాలి.