మూడుసార్లు పుట్టిన కంపైలర్

విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో, పాత లాప్‌టాప్ మీద జీసీసీ అనే కంపైలర్‌ను మూలకోడ్ నుంచి నిర్మించడానికి గత నెలలో పూనుకున్నాను. మనుషులు రాసే మూలకోడ్‌ను యంత్రం నడిపే కోడ్‌గా మార్చే ప్రోగ్రామే కంపైలర్. పెరుగుకు తోడు కావలసినట్లే కంపైలర్‌కూ ముందుగా ఒక కంపైలర్ కావాలి. 2013లో వచ్చిన 4.8 వెర్షన్ నుంచి జీసీసీకి సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష కంపైలరే తోడు.

నిర్మాణాన్ని నడిపే 'మేక్' ఆదేశం కొట్టగానే మెషీన్‌లో ఉన్న కంపైలర్ మొదటి దశ జీసీసీని, అది రెండో దశను, ఆ రెండోది మూడో దశను తయారుచేస్తాయి. చివరి రెండూ ఒకే మూలకోడ్ నుంచి, ఒకే తీరుగా పనిచేయవలసిన కంపైలర్ల చేతుల్లో పుట్టినవి కనుక, తప్పులు వెతకడానికి చేర్చే డీబగ్ సమాచారాన్ని మినహాయిస్తే, వాటి ఆబ్జెక్ట్ ఫైళ్లు (యంత్రకోడ్ ముక్కలు) బైటు తేడా లేకుండా సరిపోవాలి. సరిపోకపోతే నిర్మాణం అక్కడే ఆగిపోతుంది.

నా నిర్మాణం ఆ పోలిక దాకా రానేలేదు. రెండో దశలో సెగ్‌ఫాల్ట్ వచ్చింది, అంటే తనది కాని మెమరీని ముట్టుకోబోయి ప్రోగ్రామ్ కూలింది. మళ్లీ మేక్ కొడితే ఆ ఫైలును సునాయాసంగా దాటి, అరగంట తరువాత మరోచోట కూలింది. కోడ్‌లోనే తప్పుంటే సాధారణంగా పడ్డచోటే పడుతుంది. చోటు మారుతోందంటే ముందుగా హార్డ్‌వేర్‌నే అనుమానించాలి. రాత్రంతా మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపితే రెండు ర్యామ్‌లలో ఒకటి చెడిపోయిందని తేలింది. ద్వారకానగర్‌లో కొత్తది అమ్మిన దుకాణదారు నేరమంతా సముద్రపు ఉప్పుగాలి మీదకు నెట్టాడు. ఈ ఊళ్లో తుప్పు నుంచి తలనొప్పి దాకా అన్నింటికీ అదే కారణం కనుక నేను వాదించలేదు.

ర్యామ్ మార్చాక పోలిక నెగ్గింది. అయితే మొదటి తోడు కల్తీది కాదని ఆ పోలిక చెప్పలేదు. కంపైలర్‌లో దొంగకోడ్‌ను దాచి, మూలకోడ్‌లో జాడ లేకుండానే అది తరువాతి కంపైలర్లలోకి తనంతట తాను చేరేలా చేయవచ్చునని యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థాంప్సన్ 1984లో ప్రచురితమైన తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో చూపించాడు. అలాంటి కల్తీ ఉన్నా రెండు, మూడు దశలు చక్కగా సరిపోతాయి.

తోడు దొరకని రోజున మా అమ్మ గోరువెచ్చని పాలలో పచ్చిమిరప తొడిమలు వేసేది. ప్రోగ్రామ్‌లను మూలకోడ్ నుంచి నిర్మించే గ్విక్స్ బృందం 2023లో చేసింది దాదాపు అదే: 357 బైట్ల యంత్రకోడ్ బీజంతో మొదలై, మెస్, టైనీసీసీ అనే చిన్న కంపైలర్ల మీదుగా జీసీసీ దాకా ఎక్కింది. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్, నిర్మాణాన్ని నడిపే గైల్ అనే ప్రోగ్రామ్ బైనరీ మాత్రం అప్పటికి ఇంకా బయటివే. ఆ బీజపు హెక్స్ (పదహారు ఆధారపు) అంకెలన్నీ ఒక్క కాగితంలో పట్టాయి. 7ఎఫ్, 45, 4సీ, 46 అంటూ మొదలయ్యే ఈఎల్ఎఫ్ హెడర్‌ను (నడిపే ఫైలు ముందుండే పరిచయ భాగం), దాని వెంటే వచ్చే ప్రోగ్రామ్ హెడర్‌ను పెన్సిలుతో గుర్తుపెట్టుకుంటూ దాటాను. యంత్రానికిచ్చే అసలు సూచనలు ఆ తరువాతే మొదలవుతాయి.