కడుపు మండలేదు కాబట్టి పర్వాలేదనుకున్నా

జబ్బు చేసింది భుజానికి, ఆసుపత్రిలో చేరింది మాత్రం కడుపు కోసం. ఈ రెండిటి మధ్య ఓ పది వారాలు గడిచాయి. ఆ పది వారాల్లో నేను మింగిన మాత్రల లెక్క నాకే తెలియదు, తర్వాత ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టి డాక్టరుగారు చెప్పాల్సొచ్చింది.

నాకు 48 ఏళ్లు. ఎడమ భుజం మొదట్లో పట్టేసినట్టుండేది, సరిగా పడుకోలేదేమో అనుకుని ఊరుకున్నా. నెల తిరిగేసరికి చెయ్యి వెనక్కి తిప్పి జుట్టు ముడి వేసుకోలేని స్థితి. పై అరలో డబ్బా అందుకోబోతే భుజంలో మేకు దిగ్గొట్టినట్టుండేది. పగలు ఏదోలా గడిచిపోయేది కానీ రాత్రి నరకం, ఎడమ పక్కకి దొర్లితే చాలు మెలకువ వచ్చేసేది. ఎముకల డాక్టరు చూసి ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. కీలు చుట్టూ సంచిలా ఉండే పొర వాచి, దళసరెక్కి, బిగుసుకుపోతుందట. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లలో ఎక్కువ కాబట్టి ఆ పరీక్షలు చేయించారు, రెండూ లేవు. పూర్తిగా తగ్గడానికి ఏడాది పట్టొచ్చు, ఒక్కోసారి రెండు మూడేళ్లు కూడా పట్టొచ్చు అని ఆయన తాపీగా చెబుతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ.

చీటీలో ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325 కలిసిన మాత్ర రోజుకి రెండుసార్లు తిన్నాక, పొద్దున్నే పరగడుపున ప్యాంటోప్రజోల్ 40 అనే గ్యాస్ మాత్ర రాశారు. ఏడు రోజులు. ఆ తర్వాత ఫిజియోథెరపీ. ఏడు రోజులని స్పష్టంగానే రాసి ఉంది, ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరుంది.

రాస్తూ రాస్తూ ఆయన "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగారు. "ఏం లేదండీ" అన్నా. అబద్ధం చెబుదామని కాదు. ఆరేళ్లుగా పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటున్నా, టెల్మిసార్టన్‌తో పాటు హైడ్రోక్లోరోథయజైడ్ కలిసినది. పళ్లు తోముకున్నట్టు అలవాటైపోయింది, అది ఒక మందని ఆ క్షణాన గుర్తే రాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ దీని మీద నన్ను ఆటపట్టిస్తారు.

ఏడు రోజులు హాయిగా ఉంది. ఎనిమిదో రోజు మానేస్తే నొప్పి తిరిగొచ్చింది. అదే మాత్ర మళ్లీ తెప్పించుకున్నా, గ్యాస్ మాత్ర మాత్రం వద్దన్నా, నాకు గ్యాస్ లేదు కదా, కడుపులో మంట లేదు, పుల్లటి తేన్పులు లేవు, మరి అదెందుకు దండగ అని. నిద్ర లేకపోవడంతో తలనొప్పి మొదలైతే దానికి ఇబుప్రోఫెన్ 400. అది తలనొప్పి మాత్ర, ఇది భుజం మాత్ర, రెండూ వేరు అనుకున్నా. ఒకరోజు నా అవస్థ చూసి స్నేహితురాలు "రాత్రి పూట ఇది వేసుకో, పొద్దున దాకా పట్టి ఉంచుతుంది" అని తను వాడగా మిగిలిన న్యాప్రోక్సెన్ 500 స్ట్రిప్పు ఇచ్చింది. నిజంగానే పట్టి ఉంచింది, ఆ మందు రక్తంలో సగానికి తగ్గడానికే 12 గంటల పైన పడుతుంది. తన మీద నాకు కోపం లేదు, తను ఇచ్చింది ఒక మాత్ర, దాని మీద ఇంకో రెండు రకాలు వేసుకున్నది నేను.

అర్ధరాత్రి రెండింటికి లేచి లైటు కూడా వేయకుండా సొరుగులో చెయ్యి పెట్టి, వేళ్లకి తగిలిన స్ట్రిప్పులోంచి ఒకటి నొక్కి, గుక్కెడు నీళ్లతో ఖాళీ కడుపున మింగి పడుకున్న రాత్రులు చాలా ఉన్నాయి. ఏది మింగానో కూడా తెలిసేది కాదు.

తర్వాత నీరసం మొదలైంది. మెట్లెక్కితే సగంలో ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించి ఊపిరి పీల్చుకునేదాన్ని. నెలసరి ఆగిపోయే వయసు, ఇంతేలే అనుకున్నా. ఈ వయసు ఆడవాళ్లకి ఏం వచ్చినా దాని ఖాతాలోనే వేసేస్తాం, పక్కవాళ్లూ అదే అంటారు. ఇంకా సిగ్గుపడాల్సిన విషయం, మూడు నాలుగు రోజులుగా విరేచనం తారులా నల్లగా, జిగటగా, ఎప్పుడూ లేని ఘాటు వాసనతో అవుతోంది. చూశాను. ఏదో తిన్నది పడలేదనుకుని నీళ్లు కొట్టేసి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు, అదేమైనా చెప్పుకునే విషయమా అని.

మా అమ్మాయి పసిగట్టింది. ఒక పొద్దున నా మొహం కిటికీ వెలుతురుకి తిప్పి, కింది కనురెప్ప లాగి చూసి "అమ్మా, ఎరుపే లేదు, కాగితంలా ఉంది" అంది. ఆ మధ్యాహ్నమే కుర్చీలోంచి లేస్తూ కళ్లు తిరిగి కూలబడ్డా.

ఆసుపత్రికి వెళ్లేసరికి నాడి 112, హిమోగ్లోబిన్ 7.4. అక్కడి డాక్టరుగారు, నాకంటే చాలా చిన్నావిడ, మొదటి ప్రశ్నే "నొప్పి మాత్రలు ఏమైనా వాడుతున్నారా అమ్మా?" ఒకటి వాడుతున్నా అన్నా. నల్లగా అవుతోందా అని రెండో ప్రశ్న. అప్పుడు నోరు విప్పా. ఆవిడ మా ఆయన వైపు తిరిగి, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా పట్టుకురమ్మన్నారు.

ఆయన సొరుగు మొత్తం ఒక కవర్లో కుమ్మరించి తెచ్చారు. ఆవిడ వాటిని నా మంచం పక్క బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి, రేకు మీద ఆ సన్నటి అక్షరాల్లో ఉన్న అసలు పేరు చదివి విడివిడిగా కుప్పలు పెట్టారు. కంపెనీ పెట్టిన పేరు ముందు పెద్దక్షరాల్లో ఉంటుంది, లోపల ఉన్న మందు పేరు చిన్నగా ఉంటుంది, నేనెప్పుడూ ఆ రెండోది చదవలేదు. పారాసెటమాల్ ఒక్కదాన్ని పక్కన పెట్టి, మిగతా మూడు కుప్పల్నీ అరచేత్తో ఒక దగ్గరికి నెట్టేశారు. "ఇవన్నీ ఒకే ఇంటివాళ్లమ్మా. మీరు మూడు మందులు వేసుకోలేదు, ఒకే మందుని మూడింతలు వేసుకున్నారు."

"కానీ నాకు కడుపులో మంటే లేదండీ" అన్నా. నా వాదన అదొక్కటే. ఆవిడ చెప్పింది విన్నాక ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించా. ఈ మాత్రలతో పుట్టే పుండు చాలామందిలో నొప్పే చూపించదట, రక్తం కారేదాకా బయటపడదట. పైగా వేసుకుంటున్నదే నొప్పి మాత్ర. నేను మంట వస్తే ఆపుదామని కాచుక్కూర్చున్నా, ఆ కబురు నాకు అందేదే కాదు.

గ్యాస్ మాత్ర సంగతీ అప్పుడే అర్థమైంది. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లని ఉంటాయి, దెబ్బ తగిలిన చోట వాపు, నొప్పి పుట్టించేవి అవే, కడుపు లోపలి గోడకి జిగురు పూత వేసి యాసిడ్ నుంచి కాపాడేవీ అవే, కిడ్నీకి రక్తం సరిగా వెళ్లేలా చూసేవీ అవే. ఈ మాత్రలు ఆ ప్రోస్టాగ్లాండిన్లు తయారవకుండా ఆపుతాయి. భుజంలోనే ఆపి కడుపుని వదిలెయ్ అంటే వాటికి తెలియదు. పూత పోయిన కడుపు మీద యాసిడ్ పడకుండా తగ్గించడానికే ఆ గ్యాస్ మాత్ర, మంట ఉందని కాదు. అందుకే తిన్నాక వేసుకుంటే కడుపులో వికారం తగ్గుతుందేమో గానీ పుండు రాదన్న భరోసా లేదు, ఇంజెక్షన్ రూపంలో తీసుకున్నా రావచ్చు, మందు రక్తంలోంచి కూడా పనిచేస్తుంది మరి. మంచం మీద పడి ఉండి చదివా, ఇదే ఇంటిదైన ఆస్పిరిన్ 1899 నుంచీ అమ్ముతున్నా, అది ఇలా పనిచేస్తుందని జాన్ వేన్ అనే ఆయన 1971లో గానీ చూపించలేదట, 1982లో దానికి నోబెల్ కూడా వచ్చింది. డెబ్భై ఏళ్లు ఎందుకు పనిచేస్తోందో తెలియకుండానే జనం మింగారన్నమాట. నన్ను నేను కొంచెం క్షమించుకోవడానికి అది పనికొచ్చింది.

ఎండోస్కోపీ గురించి భయపడ్డంత లేదు. గొంతులో చేదు స్ప్రే, పళ్ల మధ్య ప్లాస్టిక్ రింగు, కాసేపు వాంతి వచ్చినట్టు, అంతే. కడుపు కింది భాగంలో 12 మిల్లీమీటర్ల పుండు, అడుగు తేటగా ఉంది, రక్తం ఆగిపోయింది. కొంచెం ముక్క తీసి పరీక్షకి పంపారు. ఇలాంటి పుండ్లు పుట్టించే హెలికోబ్యాక్టర్ అనే క్రిమి లేదన్నారు, అంటే నేరం మొత్తం మాత్రలదే. రక్తం ఎక్కించే అవసరం రాలేదు, నరంలోకి ఐరన్ ఇచ్చారు.

కిడ్నీ సంగతి మాత్రం ఊహించలేదు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 1.7, పెరిగితే మంచిది కాదు. ఆర్నెల్ల కింద 0.8 ఉండేది. ఇక్కడే నేను చెప్పని బీపీ మాత్ర బయటపడింది. టెల్మిసార్టన్ లాంటి మందు, అదే మాత్రలో ఉన్న హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు, వాటి మీద ఈ నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీని మూడు వైపుల నుంచీ నొక్కినట్టేనట, వాంతులో విరేచనాలో అయ్యి ఒంట్లో నీరు తగ్గిన రోజైతే ఇంకా ప్రమాదం. మామూలుగా ఈ మాత్రలు బీపీని కూడా పెంచుతాయి, ఆ మధ్య నా బీపీ 150 దాటితే టెన్షన్ వల్లే అనుకున్నాం. అదృష్టం కొద్దీ మాత్రలు ఆపిన మూడు వారాలకి క్రియాటినిన్ 0.9కి దిగింది.

"కడుపుకి తక్కువ ప్రమాదం ఉండే రకం ఏదో ఉందటగా" అని అడిగా, అప్పటికి నేనూ కాస్త చదివేశా కదా. ఉన్నాయి, సెలెకోక్సిబ్, ఎటోరికోక్సిబ్ లాంటివి, కడుపుని కొంత వదిలేస్తాయి కానీ గుండె సంగతి చూసుకోవాలి, రోఫెకోక్సిబ్ అనేదాన్ని గుండెపోట్ల కారణంగానే 2004లో మార్కెట్ నుంచి తీసేశారు, మీ బీపీకీ కిడ్నీకీ అవేవీ వద్దు అన్నారు.

ఇంటికొచ్చాక రెండు నెలలు ప్యాంటోప్రజోల్, మూడు నెలలు ఐరన్ మాత్రలు. ఐరన్ మొదలుపెట్టిన మూడో రోజు మళ్లీ నల్లగా కనిపించింది! బాత్రూంలోంచే అరిచా. మా ఆయన కారు తాళాలు పట్టుకుని నిలబడ్డారు. ఫోన్ చేస్తే తెలిసింది, ఐరన్‌కి అలా ముదురు రంగు రావడం మామూలేనట, తారులా జిగటగా ఉండి ఆ వాసన ఉంటేనే భయపడాలట. ఈ ఒక్క ముక్క ఇంటికి పంపేటప్పుడే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఎనిమిది వారాలకి మళ్లీ ఎండోస్కోపీ చేసి పుండు మానిందని చూసుకున్నారు, కడుపులో పుండైతే అలా చూడాల్సిందేనట, కొన్నిసార్లు క్యాన్సర్ కూడా పుండులాగే ఉంటుందని.

ఇంతకీ భుజం? అది ఎక్కడికి పోతుంది, అలాగే ఉంది. ఈసారి కీలులోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్, పారాసెటమాల్ 650 ఆరేసి గంటలు ఎడమిచ్చి, రోజుకి మూడు గ్రాములు దాటకుండా. పారాసెటమాల్ వాపు తీయదు, దాని పరిమితి దాటితే లివర్‌కి వేరే గొడవ, అందుకే జలుబు మాత్రల్లో కూడా అది ఉందేమో రేకు తిప్పి చూస్తున్నా. డైక్లోఫెనాక్ జెల్ రాసుకోనా అంటే, రక్తంలోకి వెళ్లేది కొద్దిగానే, మోకాలికీ వేళ్ల కీళ్లకీ బాగుంటుంది, భుజం కీలు లోతు కాబట్టి పెద్దగా ఆశ పెట్టుకోకండి అన్నారు. అసలు పని చేసింది ఫిజియోథెరపీ. గోడ మీద వేళ్లని పురుగులా పాకిస్తూ పైకి ఎక్కించడం, చేరుకున్న చోట పెన్సిల్‌తో గీత పెట్టడం. ఏప్రిల్‌లో గీతలు నా గడ్డం దగ్గరున్నాయి, ఆగస్టుకి తల దాటాయి, నవంబరులో ఒకరోజు అద్దం ముందు ఆలోచించకుండానే జుట్టు ముడి వేసుకుని, వేసుకున్నాక చూసుకుని నవ్వుకున్నా. గోడ మాత్రం పాడైంది.

ఇదంతా చదివి ఈ మందులంటేనే విషం అనుకోకండి. మా అబ్బాయి మొన్న కాలు మడతపడితే మూడు రోజులు ఇబుప్రోఫెన్ వేసుకున్నాడు, తిన్నాక, రోజుకి మూడు, తగ్గగానే ఆపేశాడు, వాడికి పాతికేళ్లు, ఏ జబ్బూ లేదు, వేరే మందులూ లేవు. దానికి నేనేం అడ్డుపడలేదు. కానీ ఆస్తమా ఉన్నవాళ్లు, ఐదో నెల దాటిన గర్భిణులు, రక్తం పలచబరిచే మందులో గుండెకి ఆస్పిరినో వాడేవాళ్లు, డెంగీ అనుమానం ఉన్న జ్వరంతో ఉన్నవాళ్లు, నాలాగా ఒకసారి పుండు వచ్చినవాళ్లు, వీళ్లెవరైనా నాకు చెప్పకుండా వేసుకుంటే మాత్రం నేను ఊరుకోను. గుండెకి వాడే ఆస్పిరిన్ పనిని ఇబుప్రోఫెన్ చెడగొట్టగలదని కూడా నాకు అప్పటిదాకా తెలీదు.

మొన్న ఆఫీసులో పక్క సీటు ఆయన "మేడమ్, తల పగిలిపోతోంది, మీ దగ్గర నొప్పి మాత్ర ఏదైనా ఉంటుందా?" అన్నారు. బీపీ ఉందా అని అడిగా. ఇంకేం మందులు వాడుతున్నారన్నా, పొద్దున్నుంచీ ఏమైనా వేసుకున్నారా అన్నా, ఎప్పుడైనా కడుపులో పుండు వచ్చిందా అన్నా. ఆయన ఓ నిమిషం నన్నే చూసి, "పర్లేదు మేడమ్, తగ్గిపోయింది" అని వెళ్లి కూర్చున్నారు.