ఇంట్లో అందరూ అడ్మిన్లే: టంగుటూరు సిస్టమ్ లాగ్

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ముగిసింది కదా, ఆ వంకతో మా ఇంట్లోని డెస్క్‌టాప్‌ను ఫార్మాట్ కొట్టి విండోస్ 11 హోమ్ వేశాను. సిస్టమ్ ఒకటే గానీ వాడేవాళ్లం చాలామంది. సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చాక నాయన ఎరువుల ఖాతాలు ఎక్కిస్తాడు. వదిన స్కూలు ప్రశ్నపత్రాలు టైప్ చేస్తుంది. మా అన్న కొడుక్కి గేమ్స్. మిగతా టైమ్ నాది. అందరికీ కలిపి ఒకటే అకౌంట్, అదీ సిస్టమ్ మీద పూర్తి హక్కులుండే అడ్మినిస్ట్రేటర్ (అడ్మిన్). విండోస్ వేసేటప్పుడు మొదట పుట్టేది అడ్మిన్ అకౌంటే. ఎవరూ వేలు పెట్టకపోతే జీవితాంతం అలాగే ఉంటుంది.

ఈసారి దాన్ని మార్చాలనుకున్నాను. ఎవరికి వాళ్లకు పరిమిత హక్కులుండే స్టాండర్డ్ అకౌంట్లు, అడ్మిన్ ఒక్కటే విడిగా.

సంక్రాంతి సెలవులు

ముందు కొత్త అడ్మిన్‌ను తయారుచేశాను. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్. అక్కడ మెయిల్ ఐడీ అడుగుతుంది. సైన్ ఇన్ వివరాలు లేవనే లింక్ నొక్కి, తర్వాతి పేజీలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ను చేర్చే లింక్ పట్టుకుంటే ఈ సిస్టమ్‌కే పరిమితమైన లోకల్ అకౌంట్ వస్తుంది. అది స్టాండర్డ్‌గానే పుడుతుంది కాబట్టి ఛేంజ్ అకౌంట్ టైప్‌లోకి వెళ్లి అడ్మిన్‌గా మార్చాలి. దానికి 'తాళం' అని పేరు పెట్టి, డెస్క్‌టాప్‌కు ఎర్ర రంగు వేశాను. పొరపాటున అందులో కూర్చుని బ్రౌజింగ్ చేస్తుంటే కళ్లకు గుచ్చుకోవాలని.

తాళంలోకి ఒకసారి లాగిన్ అయి, పాస్‌వర్డ్ పనిచేస్తోందని చూసుకుని, అక్కడి నుంచే పాత ఉమ్మడి అకౌంట్‌ను స్టాండర్డ్‌కి దించాను. ఈ వరస ముఖ్యం. పాస్‌వర్డ్ నాకూ అన్నకూ తెలుసు, ఒక కాగితం బీరువాలో ఉంది. ఆ పాస్‌వర్డ్ పోతే స్టాండర్డ్ అకౌంట్లోంచి తిరిగి తెచ్చుకునే దారి లేదు.

నా అకౌంట్ కూడా స్టాండర్డే. 'నువ్వు తెలిసినోడివి కదరా, నీకెందుకు?' అని అన్న అడిగాడు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అడ్మిన్ అంటే మనం తెరిచిన ప్రతి ప్రోగ్రామ్‌కూ పూర్తి హక్కులే. 2007లో విండోస్ విస్టాతో యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్) అనే కాపలా వచ్చాక, పెద్ద మార్పు చేయబోయే ముందు స్క్రీన్ మసకబారి అనుమతి అడుగుతోంది. అడ్మిన్ అయితే 'యస్' నొక్కితే సరి, స్టాండర్డ్ అయితే అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ 'యస్'ను నా వేలు చదవకుండానే నొక్కేస్తుంది. పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తే మాత్రం ఏ ఫైలు అడుగుతోందో పైకి చూస్తాను.

పిల్లాడి సంగతి

'బాబాయ్, ఇది పాస్‌వర్డ్ అడుగుతోంది' అని వాడు రోజూ పిలుస్తాడనుకున్నా. పిలిచాడు, కొద్దిరోజులే. ఆ తర్వాత చూస్తే కొత్త బ్రౌజర్ ఒకటీ, ఏదో గేమ్ లాంచర్ ఒకటీ దర్జాగా ఉన్నాయి. కొన్ని ప్రోగ్రామ్‌లు అందరి ప్రోగ్రామ్‌లూ ఉండే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ జోలికి పోకుండా యూజర్ సొంత యాప్‌డేటా ఫోల్డర్లోనే దిగిపోతాయి, వాటికి అడ్మిన్‌తో పనిలేదు. కాబట్టి పిల్లలు ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా ఆపడానికే స్టాండర్డ్ అకౌంట్ అనుకునేవాళ్లు ఆశ వదులుకోవచ్చు. అయితే ఆ చెత్తంతా వాడి అకౌంట్లోనే ఉంటుంది. నాయన అకౌంట్లోని ఫైళ్లను తాకదు. నాకు కావాల్సింది అదే.

వేలాలు మొదలయ్యాక

అసలు పని ఇక్కడ పడింది. మా టంగుటూరు వైపు రైతులు ఎరువులు అప్పుకి తీసుకెళ్తారు, పొగాకు వేలం డబ్బులు పడ్డాక కడతారు. అందుకని వేలాలు మొదలవగానే బాకీల లిస్టు ప్రింట్ తీయాలి. నా అకౌంట్లోంచి బిల్లింగ్ ప్రోగ్రామ్ తెరిచి తీశాను. నాయన కళ్లజోడు సర్దుకుని ఒక పేరు దగ్గర ఆగాడు. 'ఈయన మొన్న రెండు డీఏపీ బస్తాలు తీసుకెళ్లాడే. రాత్రే ఎక్కించా. ఏందిది?' చూస్తే సంక్రాంతి తర్వాతి ఎంట్రీలు ఒక్కటీ లేవు. నాయన అకౌంట్లో తెరిస్తే అన్నీ ఉన్నాయి. ఒకే సిస్టమ్, ఒకే ప్రోగ్రామ్, రెండు రకాల బాకీలు.

అది పాతకాలపు 32 బిట్ ప్రోగ్రామ్. ఖాతాల ఫైల్‌ను కూడా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే, తన ఫోల్డర్లోనే రాసుకుంటుంది. అక్కడ రాయడానికి అడ్మిన్ హక్కులు కావాలి కాబట్టి, వేసినాయన షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ఎప్పుడూ అడ్మిన్‌గా తెరవమని టిక్ పెట్టి వెళ్లాడు. అకౌంట్లు మార్చాక తెరిచినప్పుడల్లా పాస్‌వర్డ్ అడుగుతుంటే ఆ టిక్ తీసేశాం. చక్కగా తెరుచుకుంది. తెర వెనక జరిగింది వేరు: ఇలాంటి పాత ప్రోగ్రామ్ అనుమతి లేని చోట రాయబోతే విండోస్ ఎర్రర్ ఇవ్వదు. ఆ యూజర్ యాప్‌డేటాలో లోకల్ కింద వర్చువల్‌స్టోర్ అనే ఫోల్డర్లో ఫైల్‌కు నకలు తీసి, రాతలన్నీ అందులోకి మళ్లిస్తుంది. నాయన రాస్తున్నది ఆ నకల్లో, నేను ప్రింట్ తీసింది అసలు ఫైల్ నుంచి.

మీ ఇంట్లోనూ అనుమానముంటే టాస్క్ మేనేజర్లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి, పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి సెలెక్ట్ కాలమ్స్‌లో యూఏసీ వర్చువలైజేషన్ చేర్చండి. ఎనేబుల్డ్ అని చూపించే ప్రోగ్రామ్‌లను ఓ కంట కనిపెట్టాలి.

ప్రోగ్రామ్ మూసేసి, అసలు ఫైల్‌నూ నకలునూ రెండింటినీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. తర్వాత ప్రోగ్రామ్‌ను డీ డ్రైవ్‌లో మామూలు ఫోల్డర్లోకి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, నకలు ఫైల్‌ను అక్కడ పెట్టాను. వర్చువల్‌స్టోర్లో మిగిలిన పాత నకలును తీసేశాను. ఇప్పుడు అడ్మిన్ అవసరం లేదు, ఎవరి అకౌంట్లో తెరిచినా ఒకే బాకీ కనిపిస్తోంది. ప్రోగ్రామ్‌ను కదిలించడం కుదరకపోతే ఆ ఒక్క ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌కి వెళ్లి యూజర్స్‌కి మాడిఫై అనుమతి ఇవ్వొచ్చు. దానికోసం నాయన్ని మళ్లీ అడ్మిన్ చేయడం మాత్రం ఎలుక కోసం ఇల్లు తగలబెట్టినట్టే.

టిక్ ఉన్న రోజుల్లో ఇంకో చిక్కు కూడా జరిగిందని ఈ వెతుకులాటలోనే బయటపడింది. స్టాండర్డ్ అకౌంట్లో ఉండి తాళం పాస్‌వర్డ్ కొడితే ఆ ప్రోగ్రామ్ తాళం పేరు మీదే నడుస్తుంది. అందులోంచి సేవ్ చేసిన బిల్లులు తాళం డాక్యుమెంట్స్‌లో పడ్డాయి. నాయన తన డాక్యుమెంట్స్‌లో వెతుక్కుని, లేవని మళ్లీ సేవ్ చేసి, అలా ఒక్కో బిల్లుకి బోలెడు కాపీలు అక్కడ పేరుకున్నాయి.

ఇప్పటి పరిస్థితి

వైఫై, అప్‌డేట్లు, వదిన వర్డ్ ఫైళ్లు, అన్నీ స్టాండర్డ్‌లో మామూలుగా నడుస్తున్నాయి. కొత్త ప్రింటర్ డ్రైవర్‌కి, గడియారం టైమ్ మార్చడానికి మాత్రం పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఫైళ్లను తెరవనీయకుండా బంధించి డబ్బులడిగే వైరస్ వస్తే ఈ ఏర్పాటు సగమే కాపాడుతుంది. నాయన అకౌంట్లో నడిచిన వైరస్‌కి నాయన ఫైళ్ల మీద నాయనకున్న హక్కులన్నీ ఉంటాయి, ఆ డీ డ్రైవ్ ఫోల్డర్‌తో సహా. అందుకే ఖాతాల ఫైల్‌ను వారానికోసారి బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి కేబుల్ పీకేస్తున్నాను. పీకడం గుర్తుపెట్టుకునే పని అన్నకి అప్పగించాను. వదిన ల్యాప్‌టాప్ ఇంకా అడ్మిన్‌లోనే ఉంది, పదో తరగతి పరీక్షలయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దంది.