గట్టు మీద నిలబడిన మనిషి

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చినప్పుడు సీతానగరం ఘాట్‌లో మా నాన్నగారికి పిండప్రదానం చేశాను. ఆయన పోయేనాటికి నాకు ఐదేళ్ళు. గోత్రనామాలతో తాతముత్తాతలను చెప్పించిన తరువాత పురోహితుడు బంధువుల వరుసకు వచ్చారు. మేనమామలు, మేనత్తలు, గురువులు, స్నేహితులు, అందరికీ అందులో చోటుంది. "పినతండ్రి?" అని అడిగారు. "ఉన్నారండీ, అదిగో, గట్టు మీద" అన్నాను. ఆయన తలెత్తి అటు చూసి, "అయితే వారికి అక్కర్లేదు" అని తరువాతి వరుసకు వెళ్ళిపోయారు. గట్టు మీద మా బాబాయి ఒక చేతిలో నా చెప్పులు, మరో చేతిలో నా చొక్కా పట్టుకొని, నా ఫోను తన జేబులో వేసుకొని ఎండలో నిలబడి ఉన్నారు.

పురోహితుడి తప్పేమీ లేదు. శాస్త్రం పోయినవారి కోసమే. భాద్రపదంలో మహాలయ పక్షమని పదిహేను రోజులు పితృదేవతలకే కేటాయించుకున్న మనకు, బతికి ఉన్న తండ్రికి కృతజ్ఞత చెప్పడానికి ప్రత్యేకంగా ఒక తిథి అంటూ లేదు. అందుకేనేమో, జూన్ మూడవ ఆదివారం నాడు జరుపుకొనే పితృదినోత్సవం పరాయిదని మావాళ్ళు ఎంత వెక్కిరించినా నాకు దాని మీద చిన్నచూపు కలగలేదు. అది మొదలైన తీరు కూడా నాకు నచ్చింది. అమెరికాలోని స్పోకేన్ పట్టణంలో సొనోరా స్మార్ట్ డాడ్ అనే ఆవిడ, 1909లో చర్చిలో మాతృదినోత్సవ ప్రసంగం వింటూ, తల్లి పోయిన తరువాత తమ ఆరుగురు పిల్లలనూ ఒంటిచేత్తో పెంచిన తన తండ్రి మాటేమిటని ఆలోచించారు. ఆవిడ పట్టుదల వల్ల మరుసటి ఏడాది, 1910 జూన్ 19న, ఆ పట్టణంలో తొలిసారి పితృదినోత్సవం జరిగింది. దానికి చట్టబద్ధమైన గుర్తింపు రావడానికి మాత్రం 1972 దాకా ఆగవలసి వచ్చింది. తండ్రులందరినీ కలిపి పొగడాలని ఆవిడ బయలుదేరలేదు. ఒకే ఒక్క మనిషి ఆవిడ మనసులో ఉన్నాడు.

నా మనసులో ఉన్న మనిషి గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేశారు. కమీషన్ కొట్టుకు రైతులు తెచ్చిన టిక్కీలను, అంటే మిరపకాయల బస్తాలను, లెక్క చూసుకోవడం, కొనేవారు వచ్చినప్పుడు కాయ తీసి చూపించడం, తాలు ఎంత ఉందో, తేమ ఎంత ఉందో రైతు ముందే మాట్లాడి తేల్చడం, కాటా దగ్గర నిలబడి తూకం రాయడం ఆయన పని. రోజుకు ఎన్ని వందల గుప్పిళ్ళ కాయ ఆయన చేతుల్లోంచి వెళ్ళేదో చెప్పలేను. యార్డు దారిలో వెళ్ళేవారికి చుట్టుగుంట దాటగానే తుమ్ములు మొదలవుతాయి. ఆయన ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ ఘాటు మధ్యనే అన్నం తిన్నారు.

సాయంత్రం ఇంటికి రాగానే ఆయన ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చేవారు కాదు. సందులోంచి పెరట్లోకి వెళ్ళి, చొక్కా విప్పి విడిగా ఒక బక్కెట్టులో పడేసి, పిన్ని గిన్నెలో పోసి ఉంచిన కొబ్బరినూనెతో మోచేతుల దాకా రుద్దుకొనేవారు. మిరపకాయలోని మంట నీళ్ళకు లొంగదు, నూనెకైతే లొంగుతుంది. తరువాత సబ్బుతో కడుక్కొని స్నానం చేసేవారు. ఇంత చేసినా గోళ్ళ సందుల్లో కొంత మిగిలే ఉండేది. అందువల్ల ఆయన నా ముఖం తాకేవారు కాదు, నా కన్నీళ్ళు తుడిచేవారు కాదు, నన్ను ఎత్తుకొనేవారు కాదు. పరుగెత్తుకుంటూ వెళ్ళి కాళ్ళకు చుట్టుకుంటే రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసి, "లోపలికి పోరా" అని కసిరేవారు.

ఎదురింటి పిల్లవాడిని వాళ్ళ నాన్న భుజాల మీద తిప్పుతుంటే చూసి, నేను సొంత కొడుకును కాకపోవడం వల్లే నాకు ఆ భుజాలు దొరకలేదని తేల్చుకున్నాను. ఆ అభిప్రాయం చాలా ఏళ్ళు నాలో ఉండిపోయింది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఎందుకంటే దానికి విరుద్ధమైన సాక్ష్యం ఏటా వేసవిలో నా కళ్ళ ముందే ఉండేది. యార్డుకు సెలవులిచ్చిన వారం పది రోజులకు బాబాయి చేతులు చల్లబడేవి. అప్పుడు ఆయన పెద్ద పళ్ళెంలో ఆవకాయ అన్నం కలిపి, నన్నూ తన పిల్లలిద్దరినీ చుట్టూ కూర్చోబెట్టుకొని ముద్దలు పెట్టేవారు. మొదటి ముద్ద ఎప్పుడూ నాకే వచ్చేది. సెలవులు అయిపోయిన నాటి నుంచి మళ్ళీ పిన్ని పెట్టేది. సెలవులకూ ముద్దలకూ ఉన్న ఆ లంకె ఇంజనీరింగు చదివేనాటికి గాని నాకు తట్టలేదు.

తెలుగులో నాన్న అన్నదమ్ములకూ, అమ్మ అక్కచెల్లెళ్ళ భర్తలకూ పెదనాన్న, చిన్నాన్న అని పేర్లున్నాయి. అంటే భాషే వారికి నాన్నతనంలో వాటా రాసిచ్చింది. మా ఇంట్లో చిన్నాన్న అనకుండా బాబాయి అనడం అలవాటు కనుక ఆ వాటా కాస్త మరుగున పడింది. నా ప్రోగ్రెస్ కార్డు మీద "తండ్రి / సంరక్షకుడు" అని ఉన్న చోట ఆయన తండ్రి అనే మాటను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. పైన గుండ్రటి అక్షరాలతో మా నాన్నగారి పేరు రాసి, కింద సంరక్షకుడి దగ్గర తన సంతకం పెట్టేవారు.

ఆ రోజు సీతానగరం ఘాట్ నుంచి చూస్తే ఎదురుగా ప్రకాశం బ్యారేజీ కనిపిస్తూనే ఉంది. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని, తల్లి ఒంగోలులో పూటకూళ్ళు పెట్టి సాకగా పెరిగిన టంగుటూరి ప్రకాశం పంతులుగారిని చేరదీసి, తనతో పాటు రాజమండ్రి తీసుకువెళ్ళి చదివించినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు. ఆ కుర్రవాడు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు, ఆయన పేరు బ్యారేజీకి పెట్టారు. దాని మీదుగా రోజూ విజయవాడ వెళ్ళివచ్చే మాలో నాయుడుగారి పేరు ఎందరికి గుర్తుందో నాకు అనుమానమే.

నిరుడు జూన్ మూడవ ఆదివారం నాడు కేకు, శాలువా లాంటివేమీ లేకుండా గుంటూరు వెళ్ళాను. "నీ రుణం తీర్చుకోలేను" వంటి పెద్ద మాటలు అంటే ఆయన లేచి మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోతారని తెలుసు కనుక, ఒకే ఒక్క సంగతి చెప్పదలచుకున్నాను. భోజనాలయ్యాక వరండాలో కూర్చొని, "బాబాయ్, నువ్వు నన్నెందుకు ఎత్తుకునేవాడివి కాదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అప్పట్లో నీ మీద కోపం పెట్టుకున్నాను" అన్నాను. ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "కళ్ళు మండిపోతాయి కదరా" అన్నారు. కాసేపు ఆగి, "ఒకసారి నీకు తగిలింది. రాత్రంతా ఏడ్చావు. నీకు గుర్తుండదులే" అన్నారు.

నాకు నిజంగానే గుర్తులేదు.

ఇంతలో నిద్ర లేచిన మా అమ్మాయి కళ్ళు నలుపుకుంటూ వచ్చి, ఎత్తుకొమ్మని ఆయన ముందు చేతులు చాచింది. ఆయన యార్డు మానేసి పదేళ్ళు దాటింది. ఆ రోజు ఆయన మిరపకాయ ముట్టుకున్నదీ లేదు. అయినా "ఉండమ్మా, వస్తున్నా" అని లేచి పెరట్లోకి వెళ్ళారు. నూనె సీసా మూత తీసిన చప్పుడు, తరువాత కుళాయి తిప్పిన చప్పుడు వినిపించాయి. "తాతయ్యా, తొందరగా" అని అది గుమ్మం దగ్గర నిలబడి గునుస్తూనే ఉంది.