8:15కి హిరోషిమాలో ఉండాలంటే

జపాన్‌లో ఆగస్టు 6 ఆఫీసులకు మామూలు పనిదినమే. టోక్యోలో ఆ ఉదయం 8:15కి లోకల్ రైళ్లు ఎప్పటిలాగే కిక్కిరిసి పోతుంటాయి. హిరోషిమాలో మాత్రం ఆ నిమిషానికి ట్రామ్‌లు పట్టాల మీదే ఆగిపోతాయి. 1945లో అణుబాంబు పేలిన వేళ అది. ఆ వేళకి అక్కడ ఉండాలనుకునే, జపాన్‌లో ఉద్యోగం చేసే మనవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది యూక్యూ, అంటే జీతంతో సెలవు. చేరి ఆరు నెలలు నిండితే పది రోజులు వస్తుంది. చాలామంది దాన్ని ఆగస్టు నడిమిన పెద్దల్ని తలుచుకునే ఒబొన్ పండక్కి కలిపి ఇండియా టికెట్ కొనేస్తారు. కాబట్టి 5, 6 తేదీలు కావాలని జూన్‌లోనే చెప్పిపెట్టుకోండి. కారణం దాచక్కర్లేదు.

టోక్యో నుంచి నొజొమి బుల్లెట్ రైల్లో నాలుగు గంటలు. తెల్లవారుజామున మొదటి బండి ఎక్కినా, దిగేసరికి పీస్ మెమోరియల్ పార్కులో జరిగే సంస్మరణ సభ ముగిసిపోతుంది. ముందు రోజే వెళ్లాలి. ఊళ్లో హోటళ్లు నెలల ముందే నిండుతాయి. దొరక్కపోతే కురె, ఇవాకుని చూడండి, లోకల్ రైల్లో రమారమి గంట లోపే. పార్కులోకి వెళ్లేటప్పుడు సంచులు తెరిచి చూస్తున్నారు కాబట్టి లాప్‌టాప్ బ్యాగు గదిలోనే వదిలేయండి. నీళ్ల సీసా, టోపీ, చెమట తుడుచుకునే తువ్వాలు చాలు. విజయవాడ ఎండ చూసినవాళ్లకైనా అక్కడి ఉక్కపోత తేలికేం కాదు. సభ 8 గంటలకు మొదలవుతుంది. ఆ ఏడాది కొత్తగా చేర్చిన పేర్లతో మృతుల జాబితాను స్మారకం కింది రాతి పెట్టెలో పెడతారు. 8:15కి గంట మోగుతుంది. ఆ నిమిషం పాటు అందరూ మౌనంగా నిలబడతారు, ఆ గంట, చెట్ల మీద సెమి పురుగుల రొద తప్ప ఇంకేమీ వినపడనట్టుంటుంది.

ఖాళీ చేతులతో వెళ్లడం ఇష్టంలేనివాళ్లు కాగితపు కొంగలు పట్టుకెళ్తారు. రెండేళ్ల వయసులో బాంబు బారినపడి, పన్నెండేళ్లకు లుకేమియాతో 1955లో చనిపోయిన ససాకి సదాకో జ్ఞాపకంగా 1958లో కట్టిన పిల్లల స్మారకం దగ్గర వీటిని వేలాడదీస్తారు. ఏడాదికి కోటి దాకా వస్తాయి. వెయ్యి కొంగల గుత్తిని సెంబజురు అంటారు: దండకు 40 చొప్పున 25 దండలు. కాగితం 7.5 సెంటీమీటర్ల చదరం. చేయి తిరిగాక ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు, అంటే వెయ్యికి నలభై గంటల పైమాటే. ఒక్కరే కూర్చుంటే ప్రాణం విసిగిపోతుంది. టీమ్‌లో పదిమంది లంచ్ బ్రేక్‌లో మూడేసి చేస్తే ఏడు వారాల్లో తేలిపోతుంది.

చెడేది మొదటి మడతలోనే. మూల మీద మూల అర మిల్లీమీటరు తప్పినా, మెడ దాకా వచ్చేసరికి ముక్కు వంకరపోతుంది. ఐమూల మడతలు ఒకవైపు నుంచి, నిలువు, అడ్డం మడతలు కాగితం తిరగేసి రెండోవైపు నుంచి పెట్టాలి. అప్పుడు అది దానంతటదే చిన్న చదరంగా ముడుచుకుంటుంది. నాలుగూ ఒకేవైపు పెట్టి తర్వాత బలవంతంగా నొక్కితే నలిగిపోతుంది. మెడ, తోక కోసం అంచుల్ని సన్నం చేసేటప్పుడు మధ్యగీతకి పూర్తిగా ఆనించకుండా వెంట్రుకవాసి సందు వదలండి. లేదంటే మెడ పైకి తిప్పేచోట మందమై పగులుతుంది. గుచ్చే కొంగలకి రెక్కలు విప్పకూడదు. పొట్ట కింది చిన్న రంధ్రంలోంచి సూది పెట్టి వీపు మొనలోంచి పైకి తీయాలి. అట్టడుగు కొంగ కింద దారానికి గుండీ కట్టండి, వట్టి ముడి వేస్తే కాగితాన్ని చీల్చుకుని జారిపోతుంది. నైలాన్ వద్దు, రెండు పేటల నూలు దారం మేలు.

ఆఫీసులో హిరోషిమా వాళ్లుంటే "మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని మాత్రం అడక్కండి. హిబాకుషా, అంటే బాంబు బారినపడి బతికినవాళ్లు, అని తెలిస్తే పెళ్లి సంబంధాలు తప్పిపోయిన రోజులున్నాయి. కన్నపిల్లలకు కూడా చెప్పుకోని ఇళ్లున్నాయి. వినాలనుంటే మ్యూజియంలో ఆ అనుభవాలు చెప్పే ఉపన్యాసాలు ఉచితం, ఇంగ్లీషులోనూ ఉంటాయి. మాటల్లో ఎవరైనా "మీ దేశం దగ్గరా అణ్వాయుధాలు ఉన్నాయిగా" అంటే ఉలిక్కిపడొద్దు. 1974, 1998 పోఖ్రాన్ వాళ్లకూ తెలుసు. 2021లో అమల్లోకి వచ్చిన అణ్వాయుధ నిషేధ ఒప్పందంలో ఇండియా లేదు, జపాన్ కూడా లేదు. వాదన పెంచడం కంటే "అవును, ఉన్నాయి" అని ఊరుకోవడమే మర్యాద.

సాయంత్రం మొతొయాసు నదిలో రంగు కాగితాల దీపాలు వదులుతారు. చిక్కంతా ఇక్కడే. పొద్దుగూకేది ఏడు దాటాక, చీకటి చిక్కబడి నీళ్లలో రంగులు తేలేది ఎనిమిదికి. టోక్యోకి చివరి నొజొమి కూడా ఎనిమిది ప్రాంతంలోనే. ఒసాకా వాళ్లకైతే ఇంకాసేపు వీలుంటుంది. టోక్యో వాళ్లు 7వ తేదీకి కూడా సెలవు పెట్టుకోవాల్సిందే.